పిల్లికి మధుమేహము – సూదిమందు కొలత

పిల్లికి సూదిమందేమి, పిచ్చి గాకపోయిన నని నవ్వువారు మా వీధిలో లేకపోలేదు. ఒకప్పుడు మేమును నవ్వినవారమే. కాని మూగజీవమును యింట నుంచుకొని పాలు పోసి పెంచిన పిమ్మట దాని రోగమును మనదే యగును గదా! గడచిన యేడాది గౌలిపురాలోని మా పాతయింట జరిగిన సంగతి మఱి కొందఱు సోదరీమణులకు ఉపయోగించునేమో యని ఇట వ్రాయుచున్నాము.

మా పిల్లి పేరు గుండన్న. గుండ్రముగా నుండుటచే పిల్లలు పెట్టిన పేరది. పదేండ్ల మగపిల్లి, సంతానము కలుగకుండ చిన్ననాడే శస్త్రము చేయించితిమి. బరువు 7 కిలోలు. మా యింట మాంసము వండరు. మా యత్తగారు దినమునకు మూడుమార్లు మీగడపాలును పెరుగన్నమును పెట్టెడివారు. పిల్లి లావుగా నుండుట మాకు గొప్పగా తోచెడిది. పగలెల్ల వసారాలో నిద్రించుటయే దాని పని. వయసు మీఱిన, బరువెక్కిన, శస్త్రము చేయబడిన మగపిల్లులకే ఈ వ్యాధి హెచ్చుగా వచ్చునని మాకప్పుడు తెలియదు.

వైశాఖమాసమున అది మాటిమాటికి నీరు త్రాగజొచ్చెను. హైదరాబాదు వేసవిలో దాహము కానిదెవరికి అని మేము పట్టించుకొనలేదు. ఇసుకపెట్టె పూటపూటకు తడిసి ముద్దయగుచుండెను. తిండి హెచ్చెను గాని దేహము చిక్కిపోయెను. ఒకనాడు అది ప్రహరీగోడ నెక్కలేక, వెనుకకాళ్ల మడమలు నేల కానించి నడచుచుండగా పొరుగింటి ఖాలాగారు చూచిరి. ఆమె పదునైదేండ్లుగా తానే సూది వేసికొనుచున్న మధుమేహరోగి. "బేటీ, షుగరొచ్చిన కొత్తల్లో నేనూ ఇట్లే కుండలు కుండలు నీళ్లు తాగిన. దీన్ని డాక్టరుకు చూపియ్యి" అనిరి.

మఱునాడే చూపించితిమి. బరువు 5.5 కిలోలకు దిగియుండెను. పశువైద్యురాలు ఒక్క రక్తపరీక్షతో తృప్తిపడలేదు. భయపడిన పిల్లికి రోగము లేకున్నను రక్తములో చక్కెర పెరుగునట. సంచిలో వేసికొని ఆటోలో తెచ్చుటయే దానికి చాలినంత భయము! అందుచే మూత్రములో చక్కెరయు, గడచిన రెండుమూడు వారముల సగటును దెలుపు ఫ్రక్టోసమీను అను పరీక్షయు చూచి, మధుమేహమని నిశ్చయించిరి. పాతబస్తీవారికి రాజేంద్రనగరులోని పశువైద్య కళాశాలయు, నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలయు గలవు. కాబట్టి పిల్లికి వైద్యము దొరకదని నిరాశ చెందనక్కరలేదు.

ఇన్సులిను అనునది క్లోమమున పుట్టు రసము. రక్తములోని చక్కెరను దేహమునకు పట్టించునది అదియే. అది చాలనప్పుడు రక్తము నిండ చక్కెర యుండియు దేహము పస్తుండును. అందుకే తిన్నకొలది చిక్కుట. 1921లో కెనడా దేశపు టొరంటోలో బాంటింగు, బెస్టు అనువారు దీనిని వేరుపఱచిరి. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సను అను 14 ఏండ్ల బాలునికి మొదటిసారి ఇచ్చిరి. చిత్రమేమన, పిల్లి ఇన్సులినుకును ఆవు ఇన్సులినుకును భేదము ఒక్క అమైనో ఆమ్లము మాత్రమే.

ఇక కొలత సంగతి. గుండన్నకు డాక్టరుగారు గ్లార్జీను అను ఇన్సులినును పూటకు 1 యూనిటు చొప్పున 12 గంటల కొకమారు వేయుమనిరి. ఈ మందు మిల్లీలీటరునకు 100 యూనిట్లు గలది. అనగా ఒక యూనిటు మిల్లీలీటరులో నూఱవ వంతు. కంటికి కనబడి కనబడని బొట్టు! ఆ బొట్టులోనే ప్రాణమున్నది, ప్రాణాపాయమును ఉన్నది.

మన దేశపు మందులంగళ్లలో ఇన్సులిను రెండు బలములలో దొరకును: 40 యూనిట్లది, 100 యూనిట్లది. సూదిగొట్టములును రెండు రకములు. ఎఱ్ఱమూతది 40కి, నారింజమూతది 100కు. మాకు ఒక యంగడివారు 100 బలము గల మందునకు ఎఱ్ఱమూత గొట్టముల నిచ్చిరి. ఖాలాగారు చూచి చేయి పట్టుకొని యాపిరి. ఆ గొట్టముతో ఒక గీటు తీసియుండినచో ఒకటికి మారుగ రెండున్నర యూనిట్లు పోయియుండును. తలక్రిందుగా, 40 బలపు మందును నారింజమూత గొట్టముతో తీసినచో గీటుకు 0.4 యూనిటే చేరును, రోగము కుదురదు. కావున సీసామీది సంఖ్యయు గొట్టముమీది సంఖ్యయు ఒకటియేనా యని ప్రతి కొనుగోలున చూడవలెను. అర యూనిటు గీట్లు గల చిన్న గొట్టములు పిల్లులకు మిక్కిలి అనుకూలము.

సూది వేయుట మేమనుకొన్నంత కష్టము కాదు. పిల్లి తినుచుండగా వీపుమీదనో ప్రక్కనో చర్మమును వేళ్లతో గుడారమువలె లేపి, ఆ మడతలో సూదిని దూర్చి మెల్లగా నొక్కవలెను. ప్రతిదినము చోటు మార్చవలెను. వెండ్రుకలు తడిసినచో మందు బయటికి పోయినదని గుర్తు. అట్లయినను, పోయినదో లేదో యను సందేహము కలిగినను, మరల వేయరాదు. తరువాతి పూటవరకు ఊరకుండవలెను. ఒకపూట మఱచినచో మఱుపూట రెట్టింపు వేయుటయు కూడదు.

వేళకొఱకు మేము మొదట మసీదు ఆజానును గుర్తు పెట్టుకొంటిమి. కాని ఆ పిలుపు సూర్యుని ననుసరించి మారును గదా! అందుచే గడియారమునే నమ్మి, ఉదయము 6, సాయంత్రము 6 అని నిర్ణయించుకొంటిమి. మందుసీసాను మంచుగడ్డల అరలో పెట్టక, 2 మొదలు 8 డిగ్రీల చల్లదనము గల శీతలపెట్టెలో నుంచవలెను. గడ్డకట్టిన మందు పనికిరాదు. గ్లార్జీను నీటివలె తేటగా నుండవలెను. మబ్బుగా మారినచో పారవేయవలెను.

వారము గడచిన పిమ్మట డాక్టరుగారు కొలతను 1.5 యూనిట్లకు పెంచిరి. వారములోపల పెంచుట తగదనియు, మందు పూర్తిగా పని చూపుటకు కొన్నిదినములు పట్టుననియు చెప్పిరి. పిమ్మట వచ్చినది మా యజాగ్రత్త. జ్యేష్ఠమాసమున ఒక సాయంకాలము మావారు ఆరింటికి సూది వేసి బజారునకు వెళ్లిరి. అది తెలియక మేము వంటయింటినుండి వచ్చి ఆరున్నరకు మరల వేసితిమి. రాత్రి తొమ్మిదింటికి గుండన్న తూలుచు వచ్చి గడపకడ కూలబడెను. ఒడలు వణకుచుండెను, కన్నులు మమ్ము గుర్తింపలేదు. చెవినుండి చుక్క తీసి చూడగా చక్కెర 38. ఆరోగ్యము గల పిల్లికి 70 మొదలు 150 లోపల నుండవలెను. 60కి దిగినచో అపాయము.

మా యత్తగారు తేనెసీసా తెచ్చి వ్రేలితో దాని చిగుళ్లకు రాచిరి. ఇట్టివేళ నోటిలో నీరుగాని పాలుగాని పోయరాదు, ఊపిరితిత్తులలోనికి పోవును. కొంత తెప్పరిల్లగనే పట్టెడు తిండి పెట్టి, ఆటోలో వైద్యశాలకు కొనిపోతిమి. ఈ మందు గంటలతరబడి పనిచేయును గాన, తేనెతో లేచినంతమాత్రమున గండము గడచినదని యనుకొనరాదు. తెల్లవారువఱకు గ్లూకోజు ఎక్కించిరి. డాక్టరుగారు మమ్ము తిట్టలేదు. "ఒకపూట చక్కెర హెచ్చినచో దిద్దుకొనవచ్చునమ్మా. ఒక గడియ మరీ తగ్గినచో దిద్దుటకు పిల్లి మిగులదు" అని మాత్రమనిరి. ఆ మాట తిట్టుకన్న గట్టిగా తగిలినది.

మఱునాడే శీతలపెట్టె తలుపునకు పంచాంగపు కాగితము నంటించి, పెన్సిలును దారముతో కట్టితిమి. సూది వేసినవారు అప్పుడే గీత గీయవలెను. గీత యున్నచో మఱియొకరు సూది ముట్టరాదు. ఉమ్మడి కుటుంబములలో ఇది మిక్కిలి అవసరము. అదే కాగితమున తిండి, నీరు, వారమునకొకసారి బరువు వ్రాయుచుంటిమి.

చక్కెర చూచుటయు ఇంటనే నేర్చుకొంటిమి. చెవి అంచున సన్ననినరము కలదు. చెవిని వెచ్చని గుడ్డతో కాచి, పొడిచి, దూది ఒత్తినచో బాధయు లేదు. కొలత సరియా కాదా తెలిసికొనుటకు, ఒకదినమంతయు సూదికి ముందొకసారియు, పిమ్మట రెండేసి గంటలకొకసారియు 12 గంటలు చూచి వ్రాయవలెను. అన్నిటికన్న దిగువ సంఖ్య యెంత, ఎన్నవ గంటకు వచ్చినదన్నదే ముఖ్యము. ఉదయపు సంఖ్య నొక్కటి చూచి కొలత మార్చరాదు. మనుష్యుల పరికరము పిల్లి రక్తమును సాధారణముగా కొంత తక్కువగా చూపునని డాక్టరుగారు చెప్పిరి. కావున ఎప్పుడును ఒకే పరికరమును వాడి, ఆ సంఖ్యలను వారికే చూపి, వారు చెప్పినప్పుడే కొలత మార్చవలెను.

తిండి సంగతి మా యింట పెద్ద చిక్కైనది. పిల్లి పుట్టుకచేతనే మాంసాహారి. పాలు, అన్నము వంటి పిండిపదార్థములు తగ్గించి మాంసకృత్తులు హెచ్చించుమని డాక్టరుగారి యాజ్ఞ. ఆ యింట నేబదియేండ్లుగా గ్రుడ్డు సయితము రానీయని మా యత్తగారు రెండుదినములు మాటాడలేదు. మూడవనాడు, "నా పెరుగన్నమే దాని నిట్లు చేసెనా?" అని యడిగిరి. తమ పెట్టుడు ప్రేమచేతనే గాని పగచేత గాదని చెప్పితిమి. ఆ సాయంకాలము ఆమెయే పొరుగింటి గడప యెక్కి, "మీ యింట వండి పంపుదువా, ఖర్చు నాది" అని ఖాలాగారి నడిగిరట. అప్పటినుండి ఉప్పుకారములు లేని ఉడికించిన కోడిమాంసము మూతగిన్నెలో వచ్చుచున్నది. కోడిమాంస మొక్కటి చాలదు గనుక డాక్టరుగారు చెప్పిన డబ్బాతిండియు కలుపుచున్నాము. ఒక హెచ్చరిక: పిండి తగ్గినచో ఇన్సులిను అవసరమును వేగముగా తగ్గును. డాక్టరుకు చెప్పకుండ తిండి మార్చి పాతకొలతనే వేయుచున్నచో మరల తేనెసీసా వెదకవలసివచ్చును.

ఆషాఢమున లాల్‌దర్వాజా బోనాలనాడు వీధియంతయు డప్పులు మ్రోగుచుండ, గుండన్న బీరువాక్రింద దూరి తిండి ముట్టలేదు. తినని పిల్లికి నిండుకొలత వేయరాదు. అట్లని మనమే మానివేయుటయు తగదు. ఫోనులో అడుగగా, చక్కెర చూచి సగము వేయుమనిరి. మఱునాడు తినజొచ్చెను. ఒక్కదినమునకు మించి తినకున్నను, వాంతులైనను వెంటనే వైద్యశాలకు కొనిపోవలెను.

శ్రావణము గడచుసరికి దాని దిగువ సంఖ్యలు తగ్గుచు వచ్చినవి. డాక్టరుగారు కొలతను 1కి, పిమ్మట అరకు దింపి, కార్తికమాసమున సూది మాన్పించిరి. తొలినాళ్లలోనే సరిగా వైద్యము జరిగినచో చాల పిల్లులకు ఇట్టి విరామము కలుగుననియు, అది శాశ్వతమని నమ్మరాదనియు చెప్పిరి. అందుచే ఇప్పటికిని వారమునకొకసారి చెవి పొడిచి చూచుచున్నాము. పంచాంగపు కాగితమును తలుపునుండి తీయలేదు.

గుండన్న వెనుకకాళ్లు చక్కబడినవి. మొన్న ప్రహరీగోడ యెక్కి, ఖాలాగారి వంటయింటి కిటికీకడ కూర్చుండెను. గిన్నె తమ యింటికి వచ్చువఱకు దానికి ఓపిక లేదు కాబోలు!