నా తరువాత నా బిడ్డకు దిక్కెవరు?

మన సంఘాల్లో చాలామంది మనసులో ఉండి, నోటికి రాని ఒక ప్రశ్నను గూర్చి ఈ వేళ ఆలోచిద్దాము. బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్న బిడ్డను పెంచుతున్న తల్లి ప్రతి రాత్రీ వేసుకొనే ప్రశ్న అది. "నేను కన్నుమూస్తే వీడికి దిక్కెవరు?"

ముందుగా ఒక సంగతి తెలిసికొందాము. మేధో వైకల్యము వేరు, మానసిక రోగము వేరు. మానసిక రోగము ఏ వయస్సులోనైనా రావచ్చు. చాలామందికి మందులతో నెమ్మది కలుగుతుంది. మేధో వైకల్యమైతే పుట్టుకతోనో చిన్నతనములోనో మొదలై జీవితాంతము ఉంటుంది. దానిని పోగొట్టే మాత్ర లేదు. కాని ఆ బిడ్డ నేర్చుకుంటాడు, నెమ్మదిగా నేర్చుకుంటాడు. అది తల్లిదండ్రుల పాపఫలము కాదు. పుట్టు గ్రుడ్డివాని విషయములో శిష్యులు అదే అడిగితే ప్రభువు ఆ ఆలోచనను త్రోసివేశాడు (యోహాను 9). కాబట్టి "పిచ్చోడు" అనే మాట విశ్వాసి నోట రాకూడదు.

2 సమూయేలు 9వ అధ్యాయములో మెఫీబోషెతును చూడండి. అతని కాళ్లు కుంటివి, బుద్ధి మాత్రము బాగానే ఉంది. అయినా అతనికి దావీదు చేసిన ఏర్పాటు మనకు మాదిరి. దావీదు ఒక పూట భోజనము పెట్టి పంపివేయలేదు. మూడు ఇచ్చాడు: పొలము, పని చూచే మనిషి, తన బల్ల దగ్గర చోటు.

మొదటిది పొలము, అనగా జీవనాధారము. అది చిన్ననాటి శిక్షణతో మొదలవుతుంది. మండలాల్లోని భవిత కేంద్రాలు ఇలాంటి పిల్లల కొరకే ఉన్నాయి. చిత్తూరుకు దగ్గరలోనే, వేలూరు సి.ఎం.సి. వారి బాగాయం ఆవరణలో నంబిక్కై నిలయం ఉంది. అక్కడ తల్లిదండ్రులు బిడ్డతో కూడ ఉండి, ఎలా నేర్పించాలో తామే నేర్చుకుంటారు. 2016 చట్టము ప్రకారము, 40 శాతమునకు తగ్గని వైకల్యము గల పిల్లలకు 6 నుంచి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కు. పెద్దయ్యాక ఆవుకు మేత వేయడము, చెనక్కాయలు ఒలవడము, విస్తరాకులు కుట్టడము వంటి పనులను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, రోజూ ఒకే వరుసలో చేయిస్తే వస్తాయి. సదరం సర్టిఫికెట్ ఉంటే పింఛను దొరుకుతుంది. మన రాష్ట్రములో 2024లో దానిని నెలకు 6,000 రూపాయలు చేశారు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి 1 లక్ష రూపాయల వరకు వైద్యఖర్చు భరిస్తుంది.

రెండవది మనిషి. బిడ్డకు 18 ఏండ్లు నిండితే చట్టము దృష్టిలో అతడు పెద్దవాడే. అంతవరకు తల్లిదండ్రులకున్న సంరక్షక హక్కు అక్కడితో ఆగుతుంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టము ప్రకారము, జిల్లా కలెక్టరు అధ్యక్షుడుగా ఉన్న స్థానిక కమిటీకి దరఖాస్తు చేసి సంరక్షకుని నియమింపజేసుకోవచ్చు.

అయితే సీబాను మరువవద్దు. పొలము చూడమని నమ్మి అప్పగిస్తే, కష్టకాలములో అతడే యజమానుని మీద రాజుకు చాడీలు చెప్పి ఆస్తి అంతా కాజేయబోయాడు (2 సమూయేలు 16, 19). అందుకే చట్టము నమ్మకముతో పాటు లెక్క కూడ అడుగుతుంది. సంరక్షకుడు 6 నెలలలోపు ఆస్తి జాబితా ఇవ్వాలి, ప్రతి ఏటా లెక్కలు చూపాలి. నిర్లక్ష్యము చేసినా, సొమ్ము తిన్నా, బంధువులు కమిటీని అడిగి అతనిని తొలగింపజేయవచ్చు.

తల్లిదండ్రులారా, మీరు బ్రతికి ఉండగానే మిగిలిన పిల్లలను కూర్చోబెట్టుకొని మాట్లాడండి. భారమంతా ఒక్క అక్క మీదనే వేయవద్దు. ఒక నోటుబుక్కులో వ్రాసిపెట్టండి: ఏమి తింటాడు, ఫిట్సు మాత్ర ఏ వేళకు వేయాలి, దేనికి భయపడతాడు, ఏడిస్తే ఎలా ఊరుకుంటాడు. అవి మీకు తప్ప మరెవ్వరికీ తెలియవు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి ముసలితనము, మతిమరుపు మనకంటె ముందే రావచ్చు. ఉన్నట్టుండి నేర్చిన పని మరచిపోతుంటే, మొండితనమని కొట్టక డాక్టరుకు చూపించండి.

మూడవది బల్ల. ఇది ఏ ఆఫీసులోనూ దొరకదు, సంఘమే ఇవ్వాలి. పెండ్లి పత్రిక ఇచ్చేటప్పుడు "వాడిని కూడ తీసుకొని రండమ్మా" అనండి. ఆరాధనలో శబ్దము చేస్తే వెనుదిరిగి చూడకండి. చాపలు పరచడము, పాటల పుస్తకాలు పంచడము అతని పనిగా ఇవ్వండి. రాని ఆదివారము ఎందుకు రాలేదని ఇంటికి వెళ్లి అడగండి. నెలకొక పూట ఎవరైనా ఆ బిడ్డ దగ్గర కూర్చుంటే, ఆ తల్లి ఆసుపత్రికో బజారుకో వెళ్లి వస్తుంది. అలా పదేండ్లు కలిసి కూర్చున్న సంఘమును, తల్లి పోయిన మరునాడు ఆ బిడ్డ కొత్తవారుగా చూడడు.

మెఫీబోషెతు ఎక్కడ ఉన్నాడని దావీదే ముందుగా విచారించి పిలిపించాడు. మీ వీధిలో అటువంటి ఇల్లు ఏదో, ఈ వారము మీరే విచారించండి. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.