ఆడేది వాళ్లు... దడ మనకు!

న్యూజెర్సీలో ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్లారనుకోండి. జులై నెలాఖరు. సాయంత్రం పూట పప్పు, వంకాయ కూర వండి అందర్నీ పిలిచారు. పదిహేనేళ్ల మనవడు మాత్రం సోఫాలోంచి కదలడు. చేతిలో ఫోను. ‘ఒక్క నిమిషం నానమ్మా’ అంటాడు. ఆ నిమిషం గంటన్నర అవుతుంది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఒక కాలు అదేపనిగా ఊగుతోంది. బొటనవేళ్లు టకటకమని ఏదో కొట్టేస్తున్నాయి. పరీక్ష ఫలితాలేమోనని మీరు కంగారు పడతారు. తీరా అడిగితే బేస్‌బాల్! వాడి జట్టు ఒక ఆటగాణ్ని వదులుకుని ఇంకొకర్ని తెచ్చుకుంటోందట. అది తప్పని వీడు, కాదు ఒప్పేనని ముక్కూమొహం తెలియనివాళ్లెవరో గంటలకొద్దీ వాదించుకుంటున్నారు.

‘ఆడేది వాళ్లు, ఆయాసం నీకెందుకురా?’ అని మీకు అనిపించడం సహజమే. పిల్లలనే ఏముంది, నలభై దాటిన వాళ్ల నాన్న కూడా అంతే. మన ఇళ్లలో ఐపీఎల్ రోజుల్లో జరిగేదీ ఇదే. అయితే ఇక్కడ మీరు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. మైదానంలో ఉన్నది తను కాదని మనసుకు తెలుసు. ఒంటికి మాత్రం ఆ తేడా అంతగా పట్టదు.

సీట్లో కూర్చున్నా పరుగే

కెనడాలోని మాంట్రియల్‌లో పరిశోధకులు ఐస్ హాకీ అభిమానుల గుండె వేగాన్ని ఆట జరుగుతున్నంతసేపూ కొలిచారు. ఆ ఫలితాలు 2017లో వచ్చాయి. టీవీలో చూసినవాళ్లకు నాడి 75 శాతం, స్టేడియంలో చూసినవాళ్లకు 110 శాతం పెరిగింది. అంటే రెండో బృందంలో రెట్టింపు దాటిపోయిందన్నమాట. కుర్చీలో కదలకుండా కూర్చున్నవాళ్ల సంగతి ఇది!

ఉద్వేగం పెరిగితే అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు రక్తంలోకి వస్తాయి. బీపీ పెరుగుతుంది, ఊపిరి వేగం మారుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. మనిషి పరుగెత్తితే ఇదంతా ఖర్చయిపోతుంది. సోఫాలో ఉన్నవాడికి ఆ వీలు లేదు. మ్యాచ్ అయ్యాక ఫోనులో వాదన మొదలెడితే ఆ ఉద్వేగం చల్లారకుండా సాగుతూనే ఉంటుంది. నన్నడిగితే ఆటకంటే ఈ రెండో భాగమే ఎక్కువ ఇబ్బంది. ఆటకు ముగింపు ఉంటుంది. వాదనకు ఉండదు.

హార్మోన్ల మీద ఇంకో చిత్రమైన అధ్యయనం ఉంది. 1994 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్‌లో బ్రెజిల్, ఇటలీ తలపడినప్పుడు, టీవీలో చూస్తున్న రెండు జట్ల అభిమానుల లాలాజలాన్ని ఆటకు ముందూ తర్వాతా పరీక్షించారు. గెలిచిన బ్రెజిల్ అభిమానుల్లో టెస్టోస్టెరాన్ పెరిగింది. ఓడిన ఇటలీవాళ్లలో తగ్గింది. వాళ్లలో ఎవరూ బంతిని ముట్టుకున్నవాళ్లు కాదు.

‘మనోళ్లు’ గెలిచారు, ‘వాళ్లు’ ఓడారు

సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ సియాల్డినీ 1976లో ఓ సంగతి చెప్పారు. తమ యూనివర్సిటీ జట్టు గెలిచిన తర్వాతి సోమవారం కాలేజీ పేరున్న చొక్కాలు వేసుకొచ్చే విద్యార్థులు పెరిగారు. ఆట గురించి అడిగితే, గెలిస్తే ‘మేం గెలిచాం’ అనీ, ఓడితే ‘వాళ్లు ఓడిపోయారు’ అనీ చెప్పే ధోరణి కనిపించింది. దీనికి మనకు పరిశోధనే అక్కర్లేదు. గెలిచిన రాత్రి ‘మనోళ్లు ఇరగదీశారు’ అన్న నోరే మర్నాడు ఓడితే ‘సన్‌రైజర్స్ పని అయిపోయింది’ అంటుంది.

కానీ వీరాభిమాని అలా తప్పించుకోలేడు. అతనికి ఓడినా అది తన జట్టే. అందుకే ఆటగాడు జట్టు మారితే ఇంట్లో మనిషి చెప్పకుండా వెళ్లిపోయినట్టు బాధపడతాడు. బోస్టన్ రెడ్ సాక్స్ 2020 ఫిబ్రవరిలో తమ ముద్దుల ఆటగాడు మూకీ బెట్స్‌ను లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు ఇచ్చేసింది. ఆ ఏడాదే డాడ్జర్స్ ఛాంపియన్ అయింది. బోస్టన్‌లో ఆ పుండు ఇంకా మానలేదు. న్యూయార్క్‌లో ఇంకో కథ. యాంకీస్‌కు ఒక్క సీజన్ ఆడిన హువాన్ సోటో 2024 డిసెంబరులో అదే ఊళ్లోని మెట్స్‌కు వెళ్లిపోయాడు. 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లు, అప్పటి లెక్కన సుమారు 6,500 కోట్ల రూపాయలు. మర్నాటి మే నెలలో యాంకీస్ స్టేడియానికి ఆడటానికి వస్తే జనం గేలి చేశారు. హార్దిక్ పాండ్యా గుజరాత్ వదిలి ముంబయి కెప్టెన్‌గా వచ్చిన 2024 ఐపీఎల్‌లో స్టేడియాలు ఎలా హోరెత్తాయో గుర్తుందిగా? అచ్చం అదే.

ఈ నిర్ణయాల్లో అభిమాని మాటకు విలువ లేదు. ఎవరూ అతన్ని అడగరు. మన చేతిలో లేనిదానిపై గంటలకొద్దీ మాట్లాడటం, కాస్తయినా పట్టు ఉన్నట్టు అనిపించడానికే. ఇంట్లో పెద్దవాళ్లు ఇది గుర్తిస్తే పిల్లాడి మీద విసుగు సగం తగ్గుతుంది.

ఎంత మంచి జట్టయినా 65 సార్లు

బేస్‌బాల్‌కు మన క్రికెట్‌కు లేని ఓ గుణముంది. అమెరికాలోని ప్రధాన లీగ్‌లో 30 జట్లుంటే, ఒక్కోటి మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరిదాకా 162 మ్యాచ్‌లు ఆడుతుంది. దాదాపు రోజూ ఆటే. 2025లో అన్నిటికంటే ఎక్కువ గెలిచిన మిల్వాకీ బ్రూవర్స్ కూడా 97 గెలిచి 65 ఓడింది. అందరికంటే మంచి జట్టు సంగతే ఇది. ఇక 2024లో చికాగో వైట్ సాక్స్ అయితే 121 మ్యాచ్‌లు పోగొట్టుకుంది.

ఓడిన ప్రతి రాత్రీ నిద్ర చెడగొట్టుకునే అభిమాని ఆర్నెల్లలో ఎన్ని రాత్రులు పోగొట్టుకుంటాడో మీరే లెక్కేయండి. పెద్దలకు కనీసం 7 గంటలు, టీనేజీ పిల్లలకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. అక్టోబరులో జరిగే ఫైనల్స్ మరీ దారుణం. 2018లో డాడ్జర్స్, రెడ్ సాక్స్ మూడో ఫైనల్ మ్యాచ్ ఎంతకీ తేలక 7 గంటల 20 నిమిషాలు సాగింది. ముగిసేసరికి బోస్టన్‌లో తెల్లవారుజామున మూడున్నర. పైగా ఆ మ్యాచ్ ఓడింది బోస్టనే! అప్పటిదాకా మేలుకున్నవాళ్లు వెంటనే పడుకుని ఉంటారా? ‘ఆ బౌలర్‌ను ఎందుకు దించారు’ అన్న చర్చ అప్పుడే కదా మొదలయ్యేది.

ఓటమి పళ్లెంలోకీ వస్తుంది. అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానులపై 2013లో వచ్చిన పరిశోధనలో, జట్టు ఓడిన మర్నాడు ఆ నగరవాసులు తినే సంతృప్త కొవ్వు 16 శాతం పెరిగింది. గెలిచిన మర్నాడు 9 శాతం తగ్గింది. దిగులుకు పిజ్జా, మిర్చి బజ్జీ తోడు వెతుక్కోవడం మనకూ కొత్త కాదు.

దీనికి మందు బేస్‌బాల్‌లోనే ఉంది. పదిసార్లు బ్యాటు పట్టి మూడుసార్లు హిట్ కొడితే ఆ ఆటలో గొప్ప బ్యాటరే. ఏడుసార్లు విఫలమైనవాణ్ని నెత్తిన పెట్టుకునే ఆట అది. యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్ 2024లో 58 హోమ్ రన్లు కొట్టాడు. అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అతనికే వచ్చింది. అదే ఏడాది ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో తేలికైన క్యాచ్ వదిలేశాడు. 5-0 ఆధిక్యం కరిగిపోయి, 7-6తో ఓడి యాంకీస్ కప్పు పోగొట్టుకుంది. ఆ రాత్రి అతన్ని తిట్టని యాంకీస్ అభిమాని అరుదు. ఒక్క రాత్రి చూసి తీర్పు చెప్పాలా, 162 ఆటలు చూసి చెప్పాలా? ‘రేపు పొద్దున అంకెలు చూసి మాట్లాడతా’ అని ఫోను పక్కన పెట్టగలిగిన అభిమానికి నిద్ర పడుతుంది. వాదన కూడా మెరుగ్గా ఉంటుంది.

తిట్టు బెదిరింపుగా మారితే

2025 మేలో హ్యూస్టన్ ఆస్ట్రోస్ బౌలర్ లాన్స్ మెకల్లర్స్ ఓ మ్యాచ్‌లో విఫలమయ్యాడు. అతని పసిపిల్లల్ని చంపుతామని సందేశాలు వచ్చాయి. పోలీసులు కూపీ లాగితే, అది విదేశంలో ఎవరో తాగిన మైకంలో పంపింది. ఆ ఆటపై పందెం కాసి డబ్బు పోగొట్టుకున్నాడట. ఆటల మీద పందేలకు అమెరికా రాష్ట్రాలు అనుమతిచ్చేలా 2018లో అక్కడి సుప్రీంకోర్టు దారి తెరిచింది. ఆ కేసులో పోరాడి గెలిచింది న్యూజెర్సీయే. మన దగ్గర డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. చట్టం సంగతి ఎలా ఉన్నా మీరు చూడాల్సింది ఇంట్లోవాళ్ల తీరు. ఓటమికి బాధపడటం వేరు. స్కోరు చూసి చెమటలు పట్టడం, ఫోను దాచడం, చేబదుళ్లు అడగడం వేరు. ఈ రెండోది అభిమానం కాదు. మానసిక వైద్యుల్ని కలవాల్సిన సంగతి.

ఇంకొకటి చెప్పకుండా దాటేయలేను. గెలుస్తుందనుకున్న జట్టు అనుకోకుండా ఓడినప్పుడు, మగవాళ్లు భార్యలపైనా స్నేహితురాళ్లపైనా చేయి చేసుకున్న కేసులు సుమారు 10 శాతం పెరిగాయని అమెరికన్ ఫుట్‌బాల్‌పై 2011లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఓడిపోతుందని ముందే తెలిసిన ఆటలకు అలా జరగలేదు. అంటే గాయపడింది అంచనా. దెబ్బ తగిలింది ఇంట్లో మనిషికి. మ్యాచ్ రోజుల్లో మీ ఇంట్లో గొంతులు లేస్తుంటే, పిల్లలు ఓ మూలకు సర్దుకుంటుంటే దాన్ని ‘ఆట పిచ్చి’ అని సరిపెట్టుకోవద్దు. మన దగ్గర మహిళల సహాయానికి 181 ఉంది.

గుండె జబ్బు ఉన్నవాళ్లకు

2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో జర్మనీ ఆడిన రోజుల్లో మ్యూనిక్ ప్రాంతంలో గుండె సంబంధ అత్యవసర కేసులు మామూలు రోజులకంటే 2.66 రెట్లు నమోదయ్యాయి. మగవాళ్లలో మూడు రెట్లు దాటాయి. ఆట మొదలైన తొలి రెండు గంటల్లోనే ఎక్కువ. బాధితుల్లో దాదాపు సగంమందికి అంతకుముందే గుండె రక్తనాళాల జబ్బు ఉంది. ఆరోగ్యవంతులు భయపడాల్సిన పనిలేదుగానీ స్టెంటు వేయించుకున్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు కాస్త ఆలోచించాలి. ఆ రోజు మాత్రలు మరిచిపోవద్దు. ఉత్కంఠగా ఉన్నప్పుడు సిగరెట్, మద్యం, ఉప్పుకారాల చిరుతిళ్లు వద్దు. మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేయండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, ఊపిరి అందకపోవడం... వీటిలో ఏది కనిపించినా ‘ఈ ఓవర్ అయ్యాక’ అనొద్దు. వెంటనే 108కి, అమెరికాలో ఉంటే 911కి ఫోన్ చేయండి.

ఇంత చెప్పాక, పిల్లాడి చేతిలో ఫోను లాగేసుకోమంటున్నానని అనుకునేరు. కెంటకీలోని మర్రే స్టేట్ యూనివర్సిటీలో డేనియల్ వాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి అభిమానుల్నే పరిశీలించారు. సొంతూరి జట్టుతో గట్టి అనుబంధం ఉన్నవాళ్లలో ఒంటరితనం తక్కువగా కనిపించింది. జట్టు గెలుపోటములతో దానికి పెద్దగా సంబంధం లేదు. పది మందితో ‘మనం’ అనుకోవడమే బలం. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లిషు మధ్య పెరిగే మీ మనవడికి బడిలో నలుగురితో కలిపే వంతెన బహుశా ఆ యాంకీస్ టోపీయే.

అందుకే ఈసారి వాడి జట్టు ఓడిన రాత్రి ‘పోనీలేరా, ఆటేగా’ అనొద్దు. ఆ మాటతో వాడు గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాడు, వాదన ఫోనులో సాగుతుంది. పక్కన కూర్చుని ‘ఆ జడ్జ్ క్యాచ్ ఎలా వదిలాడ్రా, ఓసారి చూపించు’ అనండి. వీడియో పెట్టి, ఆపి, వెనక్కి తిప్పి ఇరవై నిమిషాలు చెబుతాడు. మీకు సగం అర్థం కాదు. ఆ మాటల్లో పడి చల్లారిన పప్పన్నం మాత్రం తినేస్తాడు.