మీకు తెలుసా? ఎరుపే ముందు మునుగుతుంది

సముద్రంలో 20 మీటర్ల లోతున వేలు తెగితే కారే నెత్తురు ఎర్రగా కనిపించదు. ముదురు ఆకుపచ్చగా కనిపిస్తుంది. నెత్తురు మారలేదు, దాని మీద పడే వెలుతురులోనే ఎరుపు లేదు. ఎండలోని రంగుల్లో నీళ్లు అన్నిటికన్నా ముందు మింగేది ఎరుపునే. ఐదారు మీటర్లు దిగేసరికి అది చాలావరకు పోతుంది. తర్వాత నారింజ, ఆపైన పసుపు. మనం చూస్తున్నప్పుడు మెదడు కొంత సర్దిచెబుతుంది గానీ కెమెరాకు ఆ మొహమాటం లేదు. అండమాన్ వెళ్లొచ్చినవాళ్లు చూపించే ఫొటోల్లో పగడాలన్నీ నీలిమందులో జాడించి తీసినట్టుండేది ఇందుకే.

కాబట్టి కొత్తగా డైవింగ్ నేర్చుకుని మొదటి కెమెరా కొనేవాళ్లు మెగాపిక్సెళ్ల సంగతి ఆఖరున అడగొచ్చు. రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను నీళ్లలో ఉండగానే మార్చుకోవచ్చా, పక్కన లైటు బిగించుకునే వీలుందా అన్నవి ముందు అడగాలి. ఎర్ర ఫిల్టరు చవకగా దొరుకుతుంది, పనికొస్తుంది కూడా. అయితే అది పోయిన ఎరుపును పుట్టించదు, మిగిలిన నీలాన్ని తగ్గిస్తుందంతే. బాగా లోతుకు వెళ్తే తగ్గించాక మిగిలేది చీకటే. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఎర్ర ఫిల్టరు నీలి నీళ్లకు. రుషికొండ దగ్గర తరచూ కనిపించే పచ్చటి నీళ్లకైతే మెజెంటా రంగుది కావాలి.

మీకు తెలుసా? నీళ్లలోకి దించిన మొట్టమొదటి కెమెరాలోకే నీళ్లు వెళ్లాయి. 1856లో ఇంగ్లండులోని వేమత్ తీరాన విలియం థామ్సన్ అనే వకీలు కెమెరాను పెట్టెలో బిగించి పడవలోంచి కిందికి వదిలాడు. ఆయన మాత్రం నీళ్లలోకి దిగలేదు. పెట్టె కారింది, అయినా మసకమసకగా ఒక బొమ్మ పడింది. తానే నీళ్లలోకి దిగి ఫొటో తీసిన ఘనత ఫ్రెంచి జీవశాస్త్రవేత్త లూయీ బూటాన్‌ది. 1893లో ఫ్రాన్స్‌లోని బాన్యుల్స్ దగ్గర తీశాడు. కెమెరా పెట్టె తయారీలో తోడబుట్టిన ఆగస్ట్ సాయం ఉంది. కొన్ని ఫొటోలకు అరగంట దాకా కదలకుండా ఉండాల్సి వచ్చేదట. అంతసేపు ఏ చేప ఆగుతుంది?

రంగుల ఫొటో కోసం 1926 దాకా ఆగాల్సి వచ్చింది. ఫ్లోరిడాలోని డ్రై టొర్టుగాస్ దీవుల దగ్గర విలియం లాంగ్లీ, చార్ల్స్ మార్టిన్ నీళ్లపైన తెప్ప మీద మెగ్నీషియం పొడిని భగ్గున మండించి, ఆ వెలుగులో కింద ఉన్న హాగ్‌ఫిష్ అనే చేపను కెమెరాలో పట్టుకున్నారు. మరుసటి ఏడు నేషనల్ జియోగ్రాఫిక్ ఆ ఫొటోలు అచ్చువేసింది. నీళ్లలో రంగుల ఫొటో కావాలంటే వెలుగు మనమే తెచ్చుకోవాలని అప్పుడే తేలిపోయింది.

మీకు తెలుసా? డైవింగ్ లైసెన్సు దిగనిచ్చినంత లోతుకు చాలా ‘వాటర్‌ప్రూఫ్’ కెమెరాలు దిగలేవు. కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడీ ఇచ్చే తొలి సర్టిఫికెట్ ఓపెన్ వాటర్. దాంతో 18 మీటర్ల దాకా దిగొచ్చు. ఈమధ్య వస్తున్న గోప్రోలు చాలావరకు కవచం లేకుండా 10 మీటర్లే తట్టుకుంటాయి. డైవర్లు ముచ్చటపడే చిన్న కెమెరా టీజీ-7ది 15 మీటర్లు. మూడే మీటర్ల తేడా కదా అనుకోకండి. 10 మీటర్లకొకసారి ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. హద్దు దాటితే కెమెరా మీటలు ఎవరో వేలితో నొక్కిపట్టినట్టు లోపలికి ఇరుక్కుపోవచ్చు. అందుకే కెమెరా ధర చూసేటప్పుడు హౌసింగ్ అనే పైకవచం ధర కూడా కలిపి చూసుకోవాలి. అది తొడిగితే గోప్రో 60 మీటర్లు, టీజీ-7 45 మీటర్లు దిగుతాయి.

రెంటిలో ఏది? తాబేలు ఈదుతుంటే వెంట వెళ్లి వీడియో తీయాలనుకునేవాళ్లకు గోప్రో లాంటిది చాలు, మీటలు తక్కువ, తంటాలూ తక్కువ. రాతి సందుల్లో పెంకులేని రంగురంగుల నత్తల కోసం వెతికే ఓపిక ఉంటే టీజీ తీసుకోండి. లెన్సుకు సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా అది స్పష్టంగా తీస్తుంది. మన తీరంలోలా నీళ్లు మసగ్గా ఉండేచోట నా ఓటు రెండోదానికే. నాలుగు మీటర్ల అవతల ఏమీ కనబడనప్పుడు నాలుగు అంగుళాల్లో ఉన్నదాన్ని తీసుకోవడమే నయం.

ఇక ఫోను. ఐపీ68 అని డబ్బా మీద ఉంటుంది. ఆ పరీక్ష చేసేది కదలని మంచినీళ్లలో, ఉప్పునీళ్లలో కాదు. మెడలో వేసుకునే ప్లాస్టిక్ సంచి వానకు, వాటర్‌పార్కుకు. డైవింగ్‌కు కాదు. అంతకుమించి చెప్పడానికేమీ లేదు.

మీకు తెలుసా? వేలరూపాయల కెమెరా ప్రాణం ఒక చిన్న రబ్బరు చుట్టలో ఉంటుంది. హౌసింగ్ మూత చుట్టూ ఉండే ఓ-రింగ్ మన కుక్కర్ గాస్కెట్‌కు చుట్టమే. దాని మీద ఒక్క తల వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు ఉన్నా చాలు, సముద్రం లోపలికొచ్చేస్తుంది. గ్రీజు రాయాలి గానీ దోసెల పెనానికి నూనె రాసినట్టు కాదు, మెరుపు కనిపిస్తే చాలు. ఎక్కువైతే దుమ్మును పిలుస్తుంది. కొత్త హౌసింగ్‌ను మొదటిసారి కెమెరా లేకుండా, లోపల టిష్యూ కాగితం మడిచిపెట్టి దించండి. పైకొచ్చాక కాగితం పొడిగా ఉంటే అప్పుడు కెమెరా ఎక్కించొచ్చు.

మీకు తెలుసా? నీళ్లలో నాలుగు మీటర్ల దూరంలో ఉన్న చేప మూడు మీటర్లలోనే ఉన్నట్టు, మూడోవంతు పెద్దదిగా కనిపిస్తుంది. గిన్నెలో నీళ్లు పోస్తే అడుగునున్న రూపాయి బిళ్ల పైకి తేలినట్టుండే సంగతే ఇది. దగ్గరికొచ్చేశామనుకుని ఫొటో తీసేస్తాం, తీరా చూస్తే పొగలో చేప. జూమ్ చేస్తే చేప పెద్దదవుతుంది గానీ మధ్యనున్న నీళ్లు ఎక్కడికీ పోవు. మీటరు లోపలికి వెళ్లడమే దారి. కెమెరాలోని ఫ్లాష్ వేస్తే ఇంకో బెడద. లంబసింగి ఘాట్‌లో పొగమంచు మీద హైబీమ్ వేసినట్టు, నీళ్లలోని నలుసులన్నీ తెల్లగా మెరుస్తాయి. డైవర్లు విడి ఫ్లాష్‌ను పొడుగాటి కడ్డీకి బిగించి పక్కకు పెట్టుకునేది అందుకే.

నా మాట వింటే మొదటి పది డైవుల్లో కెమెరా పడవలోనే వదిలేయండి. నీళ్లలో ఒకచోట నిలకడగా తేలడం రానివాళ్ల చేతికి కెమెరా ఇస్తే రెండో చెయ్యి పగడం మీద పడుతుంది. గట్టి పగడాలు పులితో సమానంగా వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిమాట అటుంచి, తెరలో కళ్లు పెట్టినవాళ్లు సిలిండరులో గాలెంత మిగిలిందో చూసుకోవడం మరిచిపోతారు.

తిరుగు ప్రయాణం గురించి ఒక్క చివరి ముక్క. వరసగా డైవులు చేసినవాళ్లు విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలి. విమానంలో పీడనం తగ్గుతుంది కాబట్టి హౌసింగ్‌ను బిగించి ఉంచకూడదు, ఓ-రింగ్ తీసి పెట్టెలో వేసుకోవాలి. విడి బ్యాటరీలు చేతిసంచిలోనే వెళ్లాలి. ఇప్పుడు శ్రీ విజయపురం అయిన పోర్ట్ బ్లెయిర్‌లో, హోటల్ గదిలో ఆ 18 గంటలు ఏం చేయాలా అనుకుంటున్నారా? ముందు బకెట్‌లో మంచినీళ్లు పట్టి, మూసిన హౌసింగ్‌ను అందులో నానబెట్టి, మీటలన్నీ ఒక్కొక్కటిగా నొక్కుతూ కూర్చోండి. సందుల్లో ఉప్పు గట్టిపడితే మళ్లీ ఏడాది అవి కదలవు.