‘ఓల్డ్ నంబర్ వన్’ పుట్టుపూర్వోత్తరాలు

1990లో లండన్ హైకోర్టు మెట్లెక్కిన ఒక తగువుకు మూలం పాత కారు. యజమాని దాన్ని కోటి పౌండ్లకు అమ్మడానికి బేరం కుదుర్చుకున్నాడు. కొంటామన్న మిడిల్‌బ్రిడ్జ్ సిమిటార్ అనే కంపెనీ చివరికి అడ్డం తిరిగింది. మాకు అంటగడుతున్నది అసలు ఆ కారే కాదన్నది వాళ్ల వాదన. ఆ కారు బెంట్లీ స్పీడ్ సిక్స్, రిజిస్ట్రేషన్ నంబరు ఎం.టి. 3464. ఫ్రాన్స్‌లో జరిగే లెమాన్స్ 24 గంటల రేసును 1929లో ఒకసారి, 1930లో మళ్లీ ఒకసారి గెలిచిందన్న పేరు దానిది. అభిమానులు దాన్ని ‘ఓల్డ్ నంబర్ వన్’ అంటారు. అంత ధర పలికింది ఆ పేరుకే.

అదే కారా, కాదా అని తేల్చడానికి న్యాయమూర్తి ఎందుకు తల పట్టుకోవలసి వచ్చిందో తెలియాలంటే ముందు ఆ రోజుల్లో కారు ఎలా తయారయ్యేదో చూడాలి. డబ్ల్యు.ఓ. బెంట్లీ 1919లో మొదలుపెట్టిన కంపెనీ లండన్‌లోని క్రికిల్‌వుడ్‌లో చాసీ, ఇంజను, గేర్‌బాక్సు, ఇరుసులు బిగించి అమ్మేది. బాడీ కట్టే పని వేరేవాళ్లది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ చాసీకి బాడీ కట్టించుకున్నట్టే, బెంట్లీ కొన్నవాళ్లు వాండెన్ ప్లాస్ లాంటి సంస్థల దగ్గరికి వెళ్లేవాళ్లు. అందుకే ఒకే చాసీ మీద పదేళ్లలో రెండు మూడు బాడీలు మారినా ఎవరూ వింతగా చూసేవారు కాదు.

ఇంజను సంగతి ఇంకా ఆసక్తికరం. స్పీడ్ సిక్స్‌ది ఆరు సిలిండర్ల, ఆరున్నర లీటర్ల ఇంజను. బెంట్లీ కుర్రతనంలో డాంకాస్టర్ రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకున్నవాడు. ఈ ఇంజనులో క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పడానికి చైను వాడలేదు. ఆవిరి రైలింజను చక్రాలను కలిపే కడ్డీల తరహాలో మూడు రాడ్లు పెట్టాడు. హెడ్డు, బ్లాకు విడివిడిగా లేకుండా ఒకే పోతగా పోయించాడు. దాంతో హెడ్ గ్యాస్కెట్ కొట్టేయడమన్న బాధే లేదు. రాత్రీ పగలూ పరుగెత్తే రేసులో అది చిన్న మేలు కాదు. కానీ వాల్వులు గ్రైండ్ చేయాలంటే మెకానిక్ పై మూత తీసి ఊరుకుంటే కుదరదు, బరువైన బ్లాకు మొత్తాన్నీ క్రాంక్‌కేసు మీద నుంచి పైకి లేపాల్సిందే. విప్పిన ప్రతిసారీ అరిగింది తీసేయడం, కొత్తది వేయడం మామూలే. రేసు కారు విషయంలో ఇది మరీ ఎక్కువ. గెలవడం కోసం కట్టిన బండిలో పాత ముక్కను గుర్తుగా దాచుకునే ఆలోచన ఏ వర్క్‌షాపుకూ ఉండదు.

1929లో దాన్ని నడిపి గెలిచింది వూల్ఫ్ బర్నాటో, టిమ్ బర్కిన్. ఆ ఏడు మొదటి నాలుగు స్థానాలూ బెంట్లీలవే. 1930లో బర్నాటో, గ్లెన్ కిడ్‌స్టన్ గెలిచారు. బర్నాటో కేవలం డ్రైవరు కాదు. కింబర్లీ వజ్రాల సంపదకు వారసుడు, కంపెనీకి డబ్బు పోసి నిలబెట్టిన ఛైర్మన్. అయినా 1931లో కంపెనీ దివాలా తీసి రోల్స్ రాయిస్ చేతికి పోయింది. కారు పరుగు మాత్రం ఆగలేదు. అదే ఏడు బ్రూక్‌లాండ్స్ 500 మైళ్ల రేసులో జాక్ డన్‌ఫీ, సిరిల్ పాల్ దాన్ని సగటున గంటకు 118 మైళ్ల వేగంతో నడిపి గెలిపించారు.

మరుసటి ఏటికి అందులో 8 లీటర్ల ఇంజను పడింది. చాసీ కూడా 4 లీటర్ల మోడల్‌ది. 1932 సెప్టెంబరులో అదే రేసులో జాక్ తమ్ముడు క్లైవ్ డన్‌ఫీ దాన్ని నడుపుతున్నాడు. బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మలుపుల్లో కాంక్రీటు గోడలా ఏటవాలుగా పైకి లేచి ఉండేది. ముందున్న కారును దాటబోయి అతను బాగా పైకి వెళ్లాడు. చక్రం అంచు దాటింది, కారు అవతలికి ఎగిరిపోయింది. క్లైవ్ అక్కడికక్కడే ప్రాణాలు కోల్పోయాడు. ఆ తర్వాత దాన్ని బాగుచేసి, కొత్త బాడీ కట్టి, రోడ్డు మీద తిరిగే కూపేగా మార్చారు. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ లెమాన్స్ నాటి రూపం వచ్చింది.

ఇదంతా జస్టిస్ ఆటన్ ముందుకు వచ్చింది. ఆయన ఇరుపక్షాల నిపుణుల మాటా విని, ఏ భాగం ఏ ఏటిదో ఓపికగా లెక్క కట్టారు. 1929లో గెలిచిన కారుది, ఏ ఏటివో చెప్పలేని చిన్నాచితకా బిగింపులు తప్ప, ఏమీ మిగల్లేదు. 1930 నాటివి మూడే: పెడల్ షాఫ్టు, గేర్‌బాక్సు తొడుగు, స్టీరింగ్ కాలమ్. చాసీ ఫ్రేము, ముందు ఇరుసు, సస్పెన్షన్, ఇంజను మాత్రం 1932 నాటివి. అంటే విజేత అన్న పేరుకు ధర కడుతున్న ఆ బండిలో ఎక్కువ ఇనుము ప్రాణం తీసిన ప్రమాదంలో ఉన్నది.

అయినా తీర్పు అమ్మకందారుకే అనుకూలంగా వచ్చింది. పుట్టినప్పటి భాగాలే ఉండాలంటే ఇది ఆ కారు కాదు. అలాగని ఎవరో ఆ పేరు పెట్టి కొత్తగా కట్టిన నకలూ కాదు. రేసింగ్ షెడ్డు నుంచి బయటికి వచ్చిన నాటి నుంచి ఒకదాని వెంట ఒకటిగా మార్పులు జరిగాయే తప్ప, ఎక్కడా వరుస తెగలేదు. కాబట్టి దాన్ని ఓల్డ్ నంబర్ వన్ అనడంలో తప్పు లేదని న్యాయమూర్తి తేల్చారు.

నాకు ఈ తీర్పు సబబుగానే అనిపిస్తుంది. పని చేసే యంత్రాన్ని మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉండమనడం అన్యాయం. అయితే కొనేవాడి భయాన్నీ తీసిపారేయలేం. ‘లెమాన్స్ గెలిచిన కారు’ అన్నంత సులువుగా ‘అందులో ఇవి మూడే మిగిలాయి’ అన్న మాటా అమ్మేవాడి నోట రావాలి. రెండూ నిజాలే. ఒకటి చెప్పి ఇంకొకటి దాస్తే అది మోసమే అవుతుంది.

అసలు కొలమానాన్ని బట్టి జవాబు మారుతుంది. బాగా మార్చిన వాహనం పాత నంబరును ఉంచుకోవచ్చా అని తేల్చడానికి బ్రిటన్ రిజిస్ట్రేషన్ శాఖ చాలా ఏళ్లు పాయింట్ల లెక్క వాడింది. కనీసం 8 రావాల్సి ఉండేది. చాసీకి 5 పాయింట్లు, స్టీరింగ్‌కు 2, ఇంజనుకు 1 మాత్రమే. మనం కారుకు గుండె అనుకునేదానికి ఆ లెక్కలో దక్కిన విలువ అంతే. సంగ్రాహకుడు మాత్రం చాసీ నంబరుకు ఇంజను నంబరు కలిసిందా లేదా అన్నదే మొదట చూస్తాడు.

అందుకే పాత బెంట్లీని చూడబోయే అనుభవజ్ఞులు బానెట్ కన్నా ముందు ఫైలు తెరవమంటారు. ఎవరి నుంచి ఎవరి చేతికి మారింది, ఏ రేసుకు ఏ నంబరుతో దిగింది, క్రాంక్‌షాఫ్ట్ ఎప్పుడు మార్చారు అన్నవన్నీ అందులో ఉండాలి. భాగం మార్చిన బిల్లు ఉంటే కారు విలువ నిలుస్తుంది; పాతికేళ్ల పాటు కాగితమే లేకపోతే పడిపోతుంది. ఈ విషయంలో క్రికిల్‌వుడ్ బెంట్లీలు అదృష్టవంతులు. కంపెనీ పోయినా చాసీల వారీగా రాసుకున్న పాత సర్వీసు రికార్డులు చాలావరకు నిలిచాయి. ఏ కారుకు ఏ రిపేరు చేశారో, ఏ భాగం మార్చారో నేటికీ వెతికి చూడవచ్చు.