వంటసోడా – గృహోపయోగములు

మొగల్తూరు, పేరుపాలెము వంటి తీరగ్రామములలో సముద్రపు చేపలు వండిన నాడు గిన్నెలకు, చేతులకు నీచువాసన పట్టుట సహజము. పాలు విరిగిన గిన్నెకు పులిసిన వాసన పట్టుటయు సహజమే. రెండవదానిని చెంచాడు వంటసోడా పోగొట్టును. మొదటిదానిపై అది పనిచేయదు. ఏల? కారణము తెలిసినచో సోడాయు మిగులును, శ్రమయు మిగులును.

వంటసోడా రసాయనిక నామము సోడియం బైకార్బొనేటు. ఇది బలహీనమైన క్షారము. ఆమ్లముతో కలిసినపుడు లవణము, నీరు ఏర్పడి బొగ్గుపులుసు వాయువు వెలువడును. 84 గ్రాముల సోడా నుండి 44 గ్రాముల వాయువు వచ్చును.

విరిగిన పాలలోను, చెమటకంపులోను ఉండునవి ఆమ్లములు. సోడాతో కలిసి అవి లవణములగును. లవణములు గాలిలోనికి లేవవు గనుక వాసన అణగును. చేప నీచునకు ముఖ్యకారణమైన ట్రైమిథైలమీను స్వయముగా క్షారము. దానికి విరుగుడు ఆమ్లమే. చేపలను నిమ్మరసముతో కడిగి చింతపండు పులుసులో వండుటలోని శాస్త్రమిదియే.

ఉపయోగములు

గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అరచెంచా సోడా కలిపి పుక్కిలించినచో నోటిలోని ఆమ్లము విరుగును. మాడిన స్టీలు గిన్నెలో నీరు, రెండు చెంచాల సోడా వేసి మరగించినచో మాడు మెత్తబడును. అల్యూమినియము గిన్నెలకు ఇది తగదు, అవి నల్లబడును. నల్లబడిన వెండి పట్టీలను, అల్యూమినియము రేకును తాకునట్లుగా, వేడి సోడానీటిలో ఉంచినచో, పైనున్న వెండి సల్ఫైడు మరల వెండిగా మారును. రుద్ది తోమినచో కొంత వెండి అరుగును. ఇందు ఆ నష్టము లేదు. రాగి, ఇత్తడి పాత్రల మకిలికి మాత్రము చింతపండే తగినది.

జాగ్రత్తలు

సోడాను, నిమ్మరసమును కలిపి తోముట వృథా. ఒకదాని బలమును మరొకటి హరించును, నురుగు మాత్రము కనిపించును. పప్పు త్వరగా ఉడుకుటకు సోడా వేసినచో బి-1 విటమిను నశించును. చర్మము స్వల్ప ఆమ్లగుణము కలది. నిత్యము సోడా రుద్దినచో పొడిబారి మండును. ఇందు సోడియము కలదు గనుక రక్తపుపోటు కలవారు వైద్యుని అడుగక లోనికి పుచ్చుకొనరాదు. బట్టలసోడా ఇంతకంటె తీవ్రమైనది. రెంటిని వేరువేరు డబ్బాలలో పేర్లు వ్రాసి ఉంచవలెను.

తరగతిలో ప్రయోగము

చేపలు కడిగిన నీటిని రెండు గ్లాసులలో పోసి, ఒకదానిలో సోడా, రెండవదానిలో నిమ్మరసము కలుపుడు. కొంతసేపటికి వాసన చూచి, ఏది తగ్గినదో, ఎందువలన తగ్గినదో విద్యార్థులచేతనే చెప్పించుడు.