నడిచి కరిగించిన క్యాలరీలు మళ్లీ తినొచ్చా?

ఇబ్రహీంపట్నం: ఫజర్ నమాజ్ అయ్యాక గంటసేపు నడక. చేతి వాచీలో చూస్తే 400 క్యాలరీలు ఖర్చయినట్టు కనబడుతుంది. దారిలో హోటల్ దగ్గర ఓ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. ఇంటికొచ్చాక నాష్తాలో ఇంకో పరాఠా. "నడిచాం కదా, ఏం కాదులే" అని సర్దిచెప్పుకుంటారు. నెల తిరిగాక కాటా ఎక్కితే ముల్లు అక్కడే ఉంటుంది.

డైటింగ్ చేస్తూ, వ్యాయామంలో ఖర్చయినదాన్ని తిరిగి తినాలా వద్దా? చాలామందికి అక్కర్లేదు. కొందరు మాత్రం తినకపోతేనే ముప్పు.

ముందు ఖర్చెంతో చూద్దాం. బట్టల దుకాణంలో రోజంతా కూర్చునే 70 కిలోల వ్యక్తి ఉన్నాడనుకోండి. గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో గంట నడిస్తే సుమారు 245 క్యాలరీలు ఖర్చవుతాయి. అందులో ఓ 70 ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే. నడక వల్ల అదనంగా పోయింది 175 మాత్రమే. గ్రాము నూనెకు 9 క్యాలరీలు కాబట్టి ఇది నాలుగు చిన్న చెంచాల నూనెతో సమానం. పరాఠాలు కాల్చేటప్పుడు పెనం మీద అంత నూనె పోయడం ఎంతసేపు?

మరి వాచీ 400 ఎందుకు చూపింది? 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు రకాల చేతి పరికరాలను 60 మందికి కట్టి పరీక్షించారు. చాలావరకు గుండె వేగాన్ని బాగానే చెప్పాయి. క్యాలరీల దగ్గరకొచ్చేసరికి అన్నిట్లో మెరుగైనది కూడా సగటున 27 శాతం తేడా చూపింది, అధ్వానమైనది 93 శాతం. ఆ అంకెను నమ్మి ప్లేటు నింపుకుంటే నష్టం మనకే.

ఇంకో పొరపాటు లెక్క రాయడంలో జరుగుతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం కూర్చుని పనిచేసే 65 కిలోల మగవారికి రోజుకు 2,110 క్యాలరీలు, ఓ మోస్తరు శ్రమ చేసేవారికి 2,710 కావాలి. ఫోన్ యాప్‌లో 'ఓ మోస్తరు శ్రమ' అని నొక్కితే వ్యాయామం అప్పుడే అందులో కలిసిపోయినట్టు. మళ్లీ నడకకు విడిగా కలుపుకుంటే ఒకే బిల్లును ఖాతాలో రెండుసార్లు ఎక్కించినట్టే.

శరీరం కూడా తక్కువదేం కాదు. పొద్దున కష్టపడితే మిగతా రోజు కదలికలు తగ్గించి ఆదా చేసుకుంటుంది. టాంజానియాలో వేట, దుంపల సేకరణతో బతికే హద్జా ప్రజలు రోజూ మైళ్లకొద్దీ నడుస్తారు. శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే వారి రోజువారీ ఖర్చు అమెరికా, యూరప్ వాసుల ఖర్చుకు దగ్గరగానే ఉందని 2012లో తేలింది.

అందుకే వాచీ కంటే కాటానే నయం. రెండు మూడు వారాలు వారానికోసారి, ఒకే రోజు పరగడుపున బరువు రాసుకోవాలి. వారానికి అర కిలో తగ్గుతుంటే ఏమీ కలపొద్దు. కిలోకు మించి పడిపోతున్నా, నీరసం, జుట్టు రాలడం, నెలసరి తప్పడం లాంటివి కనిపించినా తిండి పెంచాల్సిందే. అది కూడా బిస్కెట్లతో కాదు, గుడ్డు, పప్పు, పెరుగుతో.

కానిస్టేబుల్ ఉద్యోగం కోసం పరుగు ప్రాక్టీస్ చేసే పిల్లల సంగతి వేరు. వాళ్లు ఖర్చయింది తినకపోతే పరుగే మందగిస్తుంది. సెంట్రింగ్ పనికి, పొలానికి వెళ్లేవారూ అంతే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్‌ను అడక్కుండా డైటింగే మొదలుపెట్టొద్దు.

అసలు జాగ్రత్త షుగర్ ఉన్నవారికి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడుతూ ఖాళీ కడుపుతో గట్టిగా నడిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే అక్కడే ఆగి, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, పావుగంటకు మళ్లీ పరీక్షించుకోవాలి. అప్పుడు క్యాలరీల లెక్క చూడొద్దు. రంజాన్‌లో ఇఫ్తార్‌కు ముందు గంటల్లో గట్టి వ్యాయామం వద్దని డాక్టర్లు చెబుతారు. తరావీహ్‌ను కూడా ఆ రోజు వ్యాయామంలో భాగంగానే లెక్కగడతారు. రోజాలో ఉన్నా రీడింగ్ 70 కంటే కిందికి పడితే ఇఫ్తార్ దాకా ఆగకుండా వెంటనే విరమించాలన్నది వాళ్ల సలహా. మందు మోతాదు మార్చుకునే సంగతి రంజాన్‌కు నెల, రెండు నెలల ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.