మోటారు సైకిలు వెనుక సస్పెన్షన్ లింకేజి బేరింగులు

మోటారు సైకిలు వెనుక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్‌ను, మోనోషాక్‌ను, ఛాసిస్‌ను కలిపే కీళ్ళ అమరికను లింకేజి అంటారు. ఈ కీళ్ళలో ఉండే సన్నని నీడిల్ బేరింగులే లింకేజి బేరింగులు. వీటిని విప్పి, శుభ్రపరచి, కొత్త గ్రీజు పెట్టి బిగించడం ఇంటి వద్ద చేసుకోదగిన పని. రాజమహేంద్రవరం, కోనసీమ, పశ్చిమ గోదావరి ప్రాంతాలవలె నీరు, బురద అధికంగా ఉండే చోట్ల ఈ పని వాయిదా వేస్తే బేరింగులతో పాటు లింకేజి భాగాలు కూడా మార్చవలసి వస్తుంది.

చరిత్ర

1970వ దశకంలో యమహా తన మోటోక్రాస్ బండ్లకు ఒకే షాక్ అబ్జార్బర్ గల మోనోక్రాస్ పద్ధతిని తెచ్చింది. అందులో లింకేజి లేదు. 1980వ దశకం తొలినాళ్ళలో కవాసాకి యూనిట్రాక్, హోండా ప్రోలింక్, సుజుకి ఫుల్ ఫ్లోటర్ అనే పేర్లతో లింకేజి గల పద్ధతులు ప్రచారంలోకి వచ్చాయి. భారతదేశంలో 2008లో వచ్చిన యమహా ఆర్15, 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ ఈ కోవకు చెందినవి. మోనోషాక్ ఉన్న ప్రతి బండికీ లింకేజి ఉంటుందని అనుకోరాదు. కెటిఎం డ్యూక్ 200, 390 బండ్లలో షాక్ నేరుగా స్వింగ్ ఆర్మ్‌కే బిగించబడి ఉంటుంది. రెండు వైపులా షాక్‌లు ఉండే సాధారణ బండ్లకు లింకేజి ఉండదు. వాటిలో అనేక బండ్ల స్వింగ్ ఆర్మ్ ఇరుసు వద్ద రబ్బరు బుష్‌లు ఉంటాయి. రబ్బరు బుష్‌కు గ్రీజు పెట్టకూడదు, పెడితే రబ్బరు ఉబ్బి చెడుతుంది.

నిర్మాణం

లింకేజిలో ప్రధానంగా ఒక రాకర్, దానిని కలిపే ఒకటి లేదా రెండు పట్టీలు ఉంటాయి. ఈ పట్టీలను ఆకారాన్ని బట్టి మెకానిక్‌లు డాగ్‌బోన్ అంటారు. ప్రతి కీలులో బయట పలుచని ఉక్కు గిన్నె, దానిలో సూదులవంటి రోలర్లు, మధ్యలో నున్నని ఉక్కు స్లీవ్, రెండు చివరల డస్ట్ సీళ్ళు ఉంటాయి. బోల్టు స్లీవ్ గుండా పోతుంది. బోల్టు బిగించినప్పుడు ఒత్తిడి స్లీవ్ మీద మాత్రమే పడుతుంది, రోలర్ల మీద పడదు. అందువలన సరిగా అమర్చిన కీలు ఎంత బిగించినా స్వేచ్ఛగానే కదులుతుంది. బిగించగానే కీలు పట్టేస్తే ఏదో ఒక భాగం తప్పుగా కూర్చున్నదని అర్థం.

చక్రం పైకి లేచే కొద్దీ షాక్ మరింత గట్టిగా ఎదిరించేలా చేయడం లింకేజి పని. ఉదాహరణకు చక్రం 3 అంగుళాలు కదిలినప్పుడు షాక్ 1 అంగుళం కదిలితే, చక్రం మీది బలానికి సుమారు మూడు రెట్లు షాక్ మీద పడుతుంది. ఆ భారమంతా బొటనవేలంత బేరింగుల గుండానే పోవాలి.

పాడవడానికి కారణాలు

చక్రపు బేరింగు గిర్రున తిరుగుతుంది కనుక గ్రీజు ప్రతి రోలరుకూ అందుతూ ఉంటుంది. లింకేజి బేరింగు ఎన్నడూ పూర్తి చుట్టు తిరగదు, కొన్ని డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది, అంతే. ప్రతి రోలరూ ఒకే చోట రాసుకుంటూ అక్కడి గ్రీజును పక్కకు నెట్టివేస్తుంది. ఆ గ్రీజు తిరిగి రాదు. లోహం లోహాన్ని తాకిన చోట సన్నని గీతలు పడతాయి. అక్కడికి నీరు చేరితే తుప్పు మొదలవుతుంది. పైగా ఈ కీళ్ళు వెనుక చక్రానికి ముందు, నేలకు దగ్గరగా ఉండటం వలన చక్రాలు చిమ్మే బురద నేరుగా వీటిపై పడుతుంది.

గోదావరి డెల్టాలో ఇందుకు అదనపు కారణాలున్నాయి. కాలువ రేవులో బండిని ఇరుసు లోతు వరకు దింపి కడగడం ఇక్కడ మామూలు. అప్పుడు లింకేజి మొత్తం నీటిలో మునుగుతుంది. వాటర్ సర్వీసింగ్‌లో గొట్టం నుండి వచ్చే ఒత్తిడి నీరు డస్ట్ సీలును దాటి లోపలికి పోతుంది. సీలు వాననీటిని ఆపగలదు కాని ఆ ధారను ఆపలేదు. సఖినేటిపల్లి - నరసాపురం రేవు వంటి చోట్ల పంటు ఎక్కించేటప్పుడు తడి ఇసుక, వేసవిలో సముద్రం నుండి ఎగదన్నే ఉప్పునీరు తగులుతాయి. ఇక 1986 ఆగస్టు, 2022 జూలై నెలల్లో వచ్చినటువంటి వరదలలో మునిగిన బండి విషయంలో అందరూ ఇంజను ఆయిల్ మార్చడం గుర్తుంచుకుంటారు, లింకేజిని మరచిపోతారు. తుప్పు వలన స్లీవ్‌లో బోల్టు అతుక్కుపోతే దానిని కోసి తీయడం తప్ప మార్గం ఉండదు.

పరీక్షించడం

వెనుక చక్రం గాలిలో ఉండేలా బండిని నిలిపి, చక్రాన్ని రెండు చేతులతో నెమ్మదిగా పైకి ఎత్తాలి. షాక్ కదలక ముందే కొద్దిగా వదులుగా ఆడి 'టక్' మంటే లింకేజి లేదా షాక్ కీలు అరిగినట్లు. స్వింగ్ ఆర్మ్‌నే పట్టి పక్కలకు లాగినప్పుడు ఆడితే దోషం స్వింగ్ ఆర్మ్ ఇరుసులో ఉంది. స్వింగ్ ఆర్మ్ స్థిరంగా ఉండి చక్రం మాత్రమే ఆడితే చక్రపు బేరింగు చూడాలి. అయితే ఈ పరీక్ష అరుగుదలనే చూపుతుంది. ఎండిపోయి బిగుసుకున్న బేరింగు అసలు ఆడదు కనుక బాగున్నట్లే కనిపిస్తుంది. అందుకే శబ్దం కోసం ఎదురుచూడక, ఏటా వర్షాకాలం ముగిశాక ఒకసారి విప్పి చూడటం ఈ ప్రాంతానికి తగిన పద్ధతి. బండి నీట మునిగితే వెంటనే విప్పాలి.

విప్పడం

చక్రాన్ని స్వింగ్ ఆర్మ్ కింద నుండి ఎత్తే ప్యాడక్ స్టాండు ఈ పనికి పనికిరాదు. బండి బరువు లింకేజి మీదే ఉంటుంది, బోల్టు తీయగానే బండి వెనుక భాగం కూలబడుతుంది. హిమాలయన్‌కు ఉన్నట్లు సెంటర్ స్టాండు ఉంటే సరిపోతుంది. లేనిచో సర్వీస్ మాన్యువల్ చూపిన చోట ఛాసిస్ కింద గట్టి ఆధారం పెట్టి, ముందు చక్రం దొర్లకుండా కట్టివేయాలి. సైలెన్సరు గొట్టం కింద ఆధారం పెట్టరాదు. మట్టి నేల కన్నా సిమెంటు వసారా మేలు. పక్కన ఒక మనిషి ఉండటం అవసరం.

ముందుగా ఆ భాగాన్ని శుభ్రంగా తుడిచి, అన్ని వైపుల నుండి ఫోటోలు తీసుకోవాలి. ఏ బోల్టు ఏ వైపు నుండి దూరిందో రాసుకోవాలి. తరువాత వెనుక చక్రం కింద చెక్క దిమ్మెలు పెట్టి, బోల్టు మీద భారం లేని ఎత్తు దొరికే వరకు సర్దాలి. సరైన ఎత్తులో బోల్టు చేతితోనే జారి వస్తుంది. రాని బోల్టును సుత్తితో కొట్టేవారు ఎక్కువగా చేసే పొరపాటు ఈ ఎత్తు సరిచూడకపోవడమే. మొదట షాక్ అడుగు బోల్టు, పిదప పట్టీలు, చివరగా రాకర్ తీయాలి. కీళ్ళ మధ్య వేళ్ళు పెట్టరాదు. షాక్‌ను మాత్రం విప్పకూడదు, అనేక మోనోషాక్‌లలో అధిక పీడనంలో నైట్రోజన్ వాయువు ఉంటుంది.

శుభ్రపరచడం, పరిశీలన

స్లీవ్‌లు తీసేటప్పుడు కింద పళ్ళెం పెట్టుకోవాలి. కొన్ని బేరింగులలో రోలర్లకు పంజరం ఉండదు, స్లీవ్ తీయగానే అవి రాలిపోతాయి. ఏ కీలులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవాలి. భాగాలను డీజిల్ లేదా కిరోసిన్‌తో కడిగి ఆరనివ్వాలి. పెట్రోలు వాడటం ప్రమాదకరం. కడిగిన మురికి చమురును కాలువలో పోయరాదు, డెల్టాలో ఎన్నో ఊళ్ళకు తాగునీరు ఆ కాలువలదే.

స్లీవ్ మీద గోరు నడిపినప్పుడు గాడి తగిలితే స్లీవ్‌ను, బేరింగును జతగా మార్చాలి. పాత స్లీవ్ మీద కొత్త బేరింగు ఎక్కువ కాలం నిలవదు. రంగు మారి, గరుకు లేకుండా ఉంటే తిరిగి వాడవచ్చు. అంచు చిరిగిన సీలును ఆలోచించకుండా మార్చాలి.

గ్రీజు

ఎద్దుబండి ఇరుసుకు కందెన వేసినట్లే ఇక్కడ గ్రీజు ధారాళంగా పెట్టాలి. వేగంగా తిరిగే బేరింగులో గ్రీజు నిండా కూరితే వేడెక్కుతుంది. లింకేజిలో ఆ భయం లేదు, నిండా ఉంటేనే నీటికి చోటుండదు. ఎన్‌ఎల్‌జీఐ 2 గట్టిదనం గల, నీటికి కొట్టుకుపోని గ్రీజు మేలు. కాల్షియం సల్ఫోనేట్ రకం, పడవలకు వాడే మెరైన్ రకం ఇందుకు తగినవి. మాన్యువల్ మాలిబ్డినం గ్రీజు కోరితే అదే వాడాలి. పాత గ్రీజును పూర్తిగా తీయకుండా వేరే రకాన్ని కలిపితే రెండూ పలుచబడి కారిపోవచ్చు. గ్రీజును వేలితో రోలర్ల మధ్యకు నొక్కి, స్లీవ్ మీద, సీలు పెదవి మీద, బోల్టు నడుము మీద పలుచగా పూయాలి. బోల్టు మరలకు మాన్యువల్ చెప్పితే తప్ప గ్రీజు పూయరాదు, పూస్తే టార్క్ లెక్క తప్పుతుంది.

బేరింగు మార్చడం

బేరింగు గిన్నె పలుచనిది. సుత్తితో కొడితే వంకరపోతుంది. పొడవైన మరబోల్టు, వాషర్లు, తగిన సాకెట్ ఉపయోగించి నెమ్మదిగా లోపలికి లాగాలి. అక్షరాలు చెక్కిన వైపు బయటకు ఉంచి, ఆ వైపు నుండే నొక్కాలి. సీలుకు చోటు మిగిలేలా, పాతది ఎంత లోతున ఉందో ముందే కొలుచుకోవాలి. ఈ ఒక్క పనికి మాత్రం రాకర్‌ను ప్రెస్ ఉన్న లేత్ షాపుకు తీసుకువెళ్ళడం ఉత్తమం.

తిరిగి బిగించడం

విప్పిన క్రమానికి వ్యతిరేకంగా అమర్చి, అన్ని బోల్టులు దూరిన తరువాతనే ఒక్కొక్కటి టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పిన విలువకు బిగించాలి. నైలాన్ తాళపు నట్లను కొత్తవి వేయాలి. షాక్ కలపక ముందు రాకర్‌ను చేతితో ఊపితే మెత్తగా, ఎక్కడా పట్టకుండా కదలాలి. చక్రాన్ని మళ్ళీ ఎత్తి చూసి, గొలుసు బిగువు సరిచూసి, వెనుక బ్రేకు నొక్కి చూసిన తరువాత మాత్రమే బండి నడపాలి. మొదటి 100 కిలోమీటర్ల తరువాత ప్రతి నట్టునూ టార్క్ రెంచితో మరొకసారి పరీక్షించాలి.